పసుపు పట్టు

ఆర్మూర్,
2 ఫిబ్రవరి 2025

నందిపేట్‌లో ఉన్న చిన్నన్న కాకకు,
నీ అన్న రాజన్న బిడ్డ జ్యోతిలక్ష్మి శనార్థులు చెప్పి రాసేది.

కాకా, కవరు మీద నా పేరు చూసి కూడా చింపకుండా ఇక్కడిదాకా చదివావంటే సగం గండం గట్టెక్కినట్టే. మన రెండిళ్ల మధ్య మాటలు లేక ఇరవై ఏళ్లు దాటింది. నా పెళ్లికి మీ ఇంటికి బొట్టు రాలేదు, నీ కొడుకు రంజిత్ పెళ్లికి మా ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే నా గొంతు విని కట్ చేస్తావేమోనని భయం. పైగా నేనిప్పుడు మాట్లాడలేను. పోయిన నెల హైదరాబాద్‌లో దవడకు ఆపరేషన్ అయింది. పై పళ్లకూ కింది పళ్లకూ తీగలు వేసి కట్టారు. గొట్టంతో జావ తాగుతున్నాను. ఇంట్లో ఏం కావాలన్నా మా అంగన్‌వాడీ పిల్లల పలక మీద రాసి చూపిస్తున్నాను. మా ఆయన మల్లేష్‌కు మాత్రం ఇల్లు ఇంత నిమ్మళంగా ఎన్నడూ లేదట.

పోయిన వానకాలంలో దవడ వాచింది. పన్ను అనుకొని పన్ను పీకించుకున్నాను. వాపు తగ్గలేదు. టీచర్ బుగ్గలో లడ్డు దాచుకొని తమకు పెట్టట్లేదని పిల్లలు అలిగారు. మా అవ్వ, నీ వదిన, ఆమె సంగతి నీకు తెలుసు కదా, ఏ నొప్పికైనా ఆమెకు ఒకటే మందు. రోజూ పసుపు, సున్నం కలిపి పట్టు వేసింది. హైదరాబాద్‌లో డాక్టరమ్మ నా మొఖం చూసి ముందు కామెర్లా అని అడిగింది.

అది పన్ను కాదు, దవడ ఎముకలోనే గడ్డ. క్యాన్సర్ కాదని ముక్క తీసి చూసి చెప్పారు. కానీ అసలు జబ్బు దవడలో లేదట, గొంతులో ఉందట. మెడలో బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు ఉంటాయి, వాటిని పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకోవడం వాటి పని. నాకు అందులో ఒకటి పెరిగి, ఎముకల్లోని కాల్షియం తీసి రక్తంలోకి పంపుతూ పోయింది. ఎముకలు డొల్లవుతాయి, కిడ్నీల్లో రాళ్లు పడతాయి, కొన్ని ఇళ్లల్లో దవడలో గడ్డ కూడా లేస్తుంది. ఇది తెలియక నేను ఒళ్లు నొప్పులని ఏడాది పాటు కాల్షియం గోలీలు మింగాను. నిండిన బస్తాలో ఇంకా కుక్కినట్టు.

గొంతులో గ్రంథి డిసెంబర్‌లో తీశారు, దవడ గడ్డ ఆ తర్వాత తీశారు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇది రక్తంలో వచ్చే జబ్బు కాకా. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగం మందికి రావచ్చట. మీ ఇంట్లో ఇంకెవరికైనా దవడ వాచిందా అని డాక్టరమ్మ అడిగితే మా బాపుకు వాచింది అని చెప్పాను. బాపు దవడ సంగతి, ఆయన ఎట్లా పోయాడో నీకు తెలుసు, నేను కొత్తగా చెప్పేది లేదు. మా బిడ్డ దీక్షితకు పరీక్ష చేయించాము, ఇప్పటికైతే బాగుంది. నువ్వూ రంజిత్ కూడా ఒక్కసారి రక్తం ఇచ్చి కాల్షియం ఎంతుందో చూపించుకోండి.

అవ్వకు ఈ ఉత్తరం సంగతి తెలియదు. భీమవ్వ చిన్నమ్మకు నా శనార్థులు. జవాబు రాయి. రాయకపోయినా సరే, రక్తం మాత్రం చూపించుకో.

జ్యోతిలక్ష్మి


నందిపేట్,
12-2-2025

జ్యోతిలక్ష్మికి,
చిన్నన్న రాయునది.

నీ ఉత్తరం అందింది. చింపలే. ఉత్తరాలు చింపే అలవాటు నాకు లేదు. బొంబాయిల కూలి చేసిన దినాలల్ల మా అన్న కార్డు కోసం వాకిట్ల నిలబడి చూసేటోన్ని. ఆయన రాస్తే తిడుతున్నట్టు ఉంటుండె, కని ఇంటి వాసన వస్తుండె. నీది బడి పుస్తకం లెక్క ఉన్నది.

మా అన్న ఎట్ల పోయిండో నాకు తెలుసని రాసినవు. తెలుసు. నాకే కాదు, ఊరంత తెలుసు. కొట్టిన దవడనే వాచింది, వాచిన దవడతోనే మంచాన పడ్డడు, మంచాన పడ్డోడు లెవ్వలే. శవం ముంగట మీ అవ్వ నన్ను నిలబెట్టి, "నీ చెయ్యి పడ్డ దవడనే గిది, మంచిగ చూస్కో" అన్నది. పాడె పట్టవోతే పట్టనియ్యలే. నేను ఎదురు మాట్లాడలే, ఆమె అన్నదాంట్ల అబద్ధం ఏమున్నది. ఇప్పుడు నీకు గడ్డ లేస్తె నాకు రాసుడు దేనికి? గది గూడ నా చెయ్యేనా?

రంజిత్‌కు ఖతర్ వీసా వచ్చింది, క్రేన్ ఆపరేటర్ పని. హైదరాబాద్‌ల మెడికల్ అయింది, ఫిట్ అని కాయితం ఇచ్చిండ్రు. రక్తం తీసిండ్రు, ఎక్స్‌రే తీసిండ్రు, ఏ రోగం లేదన్నరు. మీ చిన్నమ్మ ఏమంటున్నదో గూడ రాస్తున్న, దాచుడెందుకు. పోరనికి వీసా వచ్చిందని తెల్వంగనే గీ ఉత్తరం వచ్చిందంటే వాళ్లకు కండ్లు కుట్టినయి అంటున్నది. నేను ఆమెను గమ్మున ఉండుమన్న.

తీగలు ఎప్పుడు ఇప్పుతరు? జావతోని పానం నిలువది. మక్క గటక మెత్తగ కాచి, మజ్జిగ పోసి పలుచగ చేసుకొని తాగు. బట్టల వడగట్టుకో, లేకుంటే గొట్టంల తట్టుకుంటది.

చిన్నన్న


ఆర్మూర్,
20 ఫిబ్రవరి 2025

కాకకు శనార్థులు.

గటక కాచుకొని తాగాను. వడగట్టమన్నావు కాబట్టి సరిపోయింది, దీక్షిత మొదటిసారి వడగట్టకుండా ఇస్తే గొట్టం నిజంగానే తట్టుకుంది. చాలా రోజుల తర్వాత కడుపు నిండింది.

కాకా, నేను రాసింది జబ్బు గురించి, నువ్వు చదివింది దెబ్బ గురించి. "నీకు తెలుసు" అన్నది ఎత్తిపొడుపు కాదు. ఇంటి మనిషివి, బాపు పడ్డ బాధ చూసినవాడివి, మళ్లీ విప్పి చెప్పక్కర్లేదని రాశాను. నీ మనసు నొచ్చుకుంటే క్షమించు. నాకు ఎవరూ ఏమీ చేయలేదు, నా ముఖం మీద ఎవరి చెయ్యీ పడలేదు. అయినా గడ్డ లేచింది. నేను చెప్పేది అంతే.

రంజిత్ మెడికల్ సంగతి. హైదరాబాద్‌లో నన్ను చూసిన డాక్టర్ వినోదమ్మకు ఫోన్లో మెసేజ్ పెట్టి అడిగాను. గల్ఫ్ మెడికల్‌లో ఊపిరితిత్తులు చూస్తారు, అంటురోగాలు ఉన్నాయేమో చూస్తారు, కాల్షియం చూడరట. ఫిట్ అని ఇచ్చిన కాగితం అబద్ధం కాదు, కానీ మనకు కావలసింది ఆ కాగితంలో లేదు. వాడికి ఇప్పటికే రెండుసార్లు కిడ్నీలో రాళ్లు తీశారని నందిపేట్ ఆటోవాళ్ల నోట విన్నాను. ఆ వయసు వాడికి అన్నిసార్లు రాళ్లెందుకు పడాలి? ఎడారి ఎండలో నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోతే, కాల్షియం ఎక్కువున్నవాడికి కిడ్నీలు ఒక్కసారిగా చెడిపోవచ్చు, మనిషి తెలివితప్పి కూడా పడిపోవచ్చు అన్నది ఆమె. అంత ఎత్తున క్రేన్‌లో కూర్చునే పని కాకా అది. చిన్నమ్మకు ఈ మాట చదివి వినిపించు. నాకు కండ్లు కుట్టలేదు, వాడికేమవుతుందోనని భయం.

ఇక్కడ పసుపు దిగడం మొదలైంది. మల్లేష్ ట్రాలీ ఆటోకు ఊపిరి లేదు, పొద్దున్నుంచి మార్కెట్‌కు బస్తాలే. ఇంట్లోకి వస్తే మనిషి మొత్తం పచ్చగా ఉంటాడు. నేను గడప మీద కూర్చొని వాసన పీలుస్తున్నాను, దానికైతే తీగలు అడ్డం రావు కదా. మల్లేష్ బస్టాండు దగ్గర రంజిత్‌ను అప్పుడప్పుడు చూస్తుంటాడట. కలిస్తే నెమ్మదిగా చెప్పమన్నాను. ఆయన మెత్తని మనిషి, బావమరిదితో ఎట్లా మాట్లాడాలో తెలుసు.

నీ అన్న బిడ్డ,
జ్యోతిలక్ష్మి


నందిపేట్,
3-3-2025

జ్యోతిలక్ష్మికి.

మీ ఆయన మెత్తని మనిషి అని రాసినవు. ఆ మెత్తని మనిషి ఆర్మూర్ బస్టాండ్‌ల, చాయ్ హోటల్ కాడ, ఏజెంట్ ముంగటనే రంజిత్ భుజం మీద చెయ్యేసి, "బామ్మర్ది, నీ రక్తంల రోగం ఉన్నదట, ఖతర్ పోకు" అన్నడు. ఏజెంట్ చాయ్ గిలాస అక్కడనే పెట్టిండు. మల్ల మెడికల్ చేపియ్యాలె, కంపెనోళ్లకు తెలిస్తె వీసా రద్దయితది అంటున్నడు. రంజిత్ భార్య సుస్మిత నీ ఉత్తరాలు రెండు పొయ్యిల పెడ్తనన్నది. నేనే గుంజుకున్న.

మంచి చెయ్యబోతున్నవో చెడు చెయ్యబోతున్నవో నాకు సమజైత లేదు. పోరడు మార్చ్ ఇరవై నాలుగు నాడు విమానం ఎక్కుతడు. గప్పటిదాక మమ్ములను మా తీరుగ ఉండనియ్యి.

నీకు ఒక్కటే చెప్త, మల్ల రాయ. మీ బాపు, నేను ఏటా ఒక్క కడాయిలనే పసుపు ఉడికిచ్చెటోళ్లం. ఆ యేడు మబ్బు పట్టింది. ఎవని కుప్ప ముందు ఉడకాలె అన్న కాడ మాట వచ్చింది. మా అన్న గప్పటికే మనిషి మారిండు. ఊకె కోపం, ఊకె అలసట, కూసున్న కాడనే కునుకు. మందిల నన్ను దొంగ అన్నడు. నా చెయ్యి లేసింది. ఒక్కటే దెబ్బ, అరచెయ్యితోని. బండకు కొట్టినట్టు అయింది. పండ్లు బిగవట్టిండేమో అనుకున్న. ఆయన కింద వడ్డడు, నేను చెయ్యి పట్టుకొని కూసున్న. ఆ చెయ్యి మొద్దు లెక్క వాచింది, వారం దాక ముద్ద ఎత్తలేకపోయిన, మీ చిన్నమ్మ తినవెట్టింది. ఎవ్వలికి చెప్పలే. కొట్టినోనికి చెయ్యి నొచ్చిందంటే ఎవలు వింటరు? పాపం చేసిన చెయ్యిని దేవుడు గక్కడనే పట్టుకున్నడు అనుకున్న. ఆ యేడు నుంచి నేను పసుపు పెట్టలే. వరి, మక్క, గంతే. ఊర్ల పసుపు కడాయి పొగ లేస్తె అటు దిక్కు పోను.

మీకు మా అన్న సావు ఉన్నది మొయ్యనీకి. నాకు గీ చెయ్యి ఉన్నది. ఇగ చాలు.

చిన్నన్న


ఆర్మూర్,
9 మార్చ్ 2025

కాకా,

గీ ఉత్తరం బడి తెలుగుల రాయను, నాతోని కాదు. పోస్టుల వేస్తె ఎన్నడు అందుతదో, అందుకే మల్లేష్ ట్రాలీల నందిపేట్ దాక పంపుతున్న. ముందుగాల ఆయన తరఫున తప్పు ఒప్పుకుంట. నెమ్మదిగ చెప్పుమంటే నలుగుట్ల చెప్పిండు. ఇంట్ల ఆయనకు తిండి వెట్టిన గాని ఆ రాత్రి పలక మీద రాసి రాసి సుద్ద అయిపోయింది.

తీగలు మొన్న ఇప్పిండ్రు. నోరు రెండు వేళ్లంత తెరుసుకుంటది. నీ ఉత్తరం పోస్టాయన అవ్వ చేతుల పెట్టి, నందిపేట్ నుంచి అని చెప్పిండట. అవ్వ దాన్ని నా ఒళ్లె వేసి, "చదువు" అన్నది. గిన్నాళ్లకు నా నోటి నుంచి గట్టిగ వచ్చింది నీ ఉత్తరమే కాకా. మాట మాటకు దవడ గుంజుతుంటె అంత చదివిన.

బండకు కొట్టినట్టు అయింది అని రాసినవు. అక్కడ ఆగిన. మల్ల చదివిన. బుగ్గ బండ లెక్క ఎట్లుంటది కాకా? పండ్లు బిగవడితె చెంప గట్టివడ్తది గాని, కొట్టినోని చెయ్యి వారం దాక వాస్తదా? నాది గడ్డ తీయకముందు పన్ను డాక్టర్ వేలుతోని కొట్టి చూసి, మాంసం కాదమ్మా, ఎముకనే ఉబ్బింది అన్నడు. నువ్వు కొట్టినప్పుడు ఆ గడ్డ ఉన్నది. నీ చెయ్యి పడకముందే లోపట ఉన్నది. ఉన్నదానికే నీ చెయ్యి తగిలింది, అందుకే వాచింది. గీ గడ్డ ఒక దెబ్బకు పుట్టేది కాదు, ఏండ్లకు ఏండ్లు పెరిగేది అని వినోదమ్మ నాకు ముందే చెప్పింది, నాకే బుర్రకెక్కలే. బాపును మంచాన పడేసింది గూడ గా జబ్బే, నీ దెబ్బ కాదు. ఊకె కోపం, అలసట, కునుకు అని రాసినవు సూడు, అవి గూడ గీ జబ్బుల ఉంటయట. ఏడాది నుంచి నేను మల్లేష్‌ను తిన్నా తిట్టిన, తినకున్నా తిట్టిన. నా బుద్ధే చెడ్డదనుకున్న. నిన్ను దొంగ అన్నది మా బాపో, ఆ రక్తమో ఎవలు చెప్తరు.

అవ్వ మొత్తం విన్నది. లేచి వాకిట్లకు పోయింది, చానాసేపటి దాక లోపటికి రాలే.

ఒక్కటి యాది చేసుకో. బాపమ్మకు గిట్ల ఏమన్న ఉండెనా? నేను పుట్టకముందే పోయింది, నాకు తెల్వది. నీకు తెలుస్తది. రంజిత్‌ను నువ్వే ఆపాలె కాకా. నా మాట వాడు వినడు, వినేటట్టు మేం చెయ్యలే. చేతులు జోడిస్తున్న.

జ్యోతి


నందిపేట్,
21-3-2025

బిడ్డా జ్యోతీ,

జవాబు జర ఆలస్యం అయింది. రాయనీకి చేతగాక కాదు. ముందు చెయ్యవలసింది చేసి రాద్దామనుకున్న.

మా అవ్వ లక్ష్మీనర్సమ్మ సంగతి అడిగినవు. ఆకువక్క లేంది ఆమెను చూడలే నేను. బుగ్గల ఎప్పుడు ఉండ లెక్క ఉంటుండె. గా ముచ్చట మీద అందరు నవ్వేటోళ్లు, లక్ష్మీనర్సమ్మ నిద్రల గూడ నములుతదని. పోయినప్పుడు నోట్ల తులసినీళ్లు పోసింది నేనే. బుగ్గ అట్లనే ఉన్నది. ఆకువక్కతోని పంపుడు మంచిది కాదని వేలు పెట్టి తీయబోయిన. నోట్ల ఏం లేదు. ఏడ్పుల నడుమ గది ఎటో పోయింది, మల్ల ఎన్నడు యాదికి రాలే. నీ ఉత్తరం చదివి వాకిట్ల కూసున్నప్పుడు గా వేలుకు మల్ల తగిలింది. బండనే బిడ్డా. అదే బండ. నేను కొట్టినప్పుడు తగిలింది గూడ అదే.

తెల్లారి ఎవ్వలికి చెప్పకుంట నిజామాబాద్ పోయి రక్తం ఇచ్చిన. కాల్షియం మస్తు ఎక్కువున్నది అన్నరు. మోకాళ్ల నొప్పులు ముసలితనం అనుకున్న గిన్నేండ్లు. ఆ కాయితం తెచ్చి రంజిత్ ముంగట పెట్టిన. "నువ్వు ముసలోనివి బాపు, ఏదో ఒకటి ఉంటది" అన్నడు. నేను వాని కాళ్లు పట్టుకున్న. కన్నతండ్రి కాళ్లు పట్టుకుంటె కొడుక్కు ఆయుష్షు తక్కువంటరు, మీ చిన్నమ్మ ఉరికొచ్చి నన్ను లేపింది. గప్పుడు వాడు లేచి అంగీ తొడుక్కున్నడు. వానిది గూడ ఎక్కువనే ఉన్నది, నాకంటే ఎక్కువ. గొంతుల ఒకటి పెరిగిందని స్కాన్ తీసి చెప్పిండ్రు.

ఖతర్ పోయింది. వీసా గూడ పోయింది. మీ చిన్నమ్మ ముందుగాల వీసా కోసం ఏడ్చింది, తర్వాత డాక్టర్ చెప్పింది సమజయినంక కొడుకు కోసం ఏడ్చింది. నీ పేరెత్తి దండం పెట్టింది. సుస్మిత నిన్ను ఫోన్‌ల అడిగి పత్యం రాసుకుంటనన్నది.

నాకు మాత్రం ఏమైతున్నదో చెప్పొస్తలేదు. సంతోషపడాలె గద? నేను సంపలే. ఇరవై ఏండ్లకు పైన పొద్దుగాల లేవంగనే చెయ్యి చూసుకుంట లేచిన. ఇప్పుడు ఆ చెయ్యిని ఏం చేసుకోవాలె?

వదినెకు మాత్రం నా తరఫున ఏం చెప్పకు. తప్పించుకోనీకి రోగం తెచ్చిండనుకుంటది. గడ్డ ముందే ఉన్నా గాని, అన్న మీద చెయ్యెత్తింది నేనే. గది ఏ రక్తపరీక్షల పోదు.

నీ కాక,
చిన్నన్న


ఆర్మూర్,
2 ఏప్రిల్ 2025

కాకకు శనార్థులు.

ఉగాది పచ్చడి ఈసారి గొట్టం లేకుండా తాగాను. వేపపువ్వు తగిలి దవడ గుంజింది, అయినా తియ్యగానే అనిపించింది.

ముందు పని మాట. రంజిత్‌కు ఏప్రిల్ చివర్లో, నీకు మేలో ఆపరేషన్ అని వినోదమ్మ చెప్పింది. మీ ఇద్దరికీ దవడలో ఇప్పటికి ఏమీ లేదు, గొంతు ఒక్కటే. ఆపరేషన్ తర్వాత ఉన్నట్టుండి పెదవులు, వేళ్ల కొసలు చీమలు పాకినట్టు జివ్వుమంటాయి. భయపడొద్దు, కాల్షియం ఒక్కసారిగా తగ్గితే అట్లా ఉంటుంది. వెంటనే నర్సుకు చెప్పు. అప్పుడు ఇచ్చే కాల్షియం గోలీలు మాత్రం మింగాలి. ఏడాది మింగకూడనివి మింగి, ఇప్పుడు మింగాల్సినవి చూస్తే నాకు కోపం వస్తున్నది. దాచిపెట్టి పారేయకు, నీ సంగతి చిన్నమ్మకు చెప్పాను.

అవ్వకు ఏం చెప్పకు అన్నావు. నేను చెప్పలేదు, నీ ఉత్తరం చదివాను. ఆమే చదవమన్నది. బాపమ్మ బుగ్గ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకొని ఆపింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకొని అన్నది: "గా కొట్లాటకు ముందు దసరకే ఆయనకు పట్టేసిన. పన్ను నొప్పి అంటె పసుపు నూరి నేనే వేసిన." ఇంకాసేపటికి, "మరి గిన్నేండ్లు నేనెవ్వలిని తిట్టిన?" అన్నది. నన్ను కాదు, గోడను అడిగినట్టు అడిగింది.

ఈ మాట నీకు రాయొద్దని నాకు గట్టిగా చెప్పింది. నేను రాస్తున్నాను. ఆమె మీద నీకు కోపం రావాలని కాదు. దాచిపెట్టింది కాదు కాకా, ఆమె అసలు మరిచిపోయింది. మనిషి చేతిలోంచి మొగుడు పోతుంటే ఎవరినో ఒకరిని పట్టుకోవాలి కదా, నిన్ను పట్టుకున్నది. అప్పటినుంచి సరిగ్గా తినట్లేదు. ఒక రైతు దగ్గర మల్లేష్ అడిగి తెచ్చిన, ఉడకబెట్టని నాలుగు పచ్చి పసుపు కొమ్ములు ముందు పెట్టుకొని కూర్చుంటున్నది. ఏం చేస్తుందో నాకు తెలియదు. ఆమెను తీసుకొస్తానని మాట ఇవ్వలేను, ఇస్తే అబద్ధం అవుతుంది.

నువ్వు ధైర్యంగా వెళ్లు. గొంతు మీద గాటు సన్నగా ఉంటుంది, నాది ఇప్పుడు గొలుసు కింద కనిపించదు.

నీ బిడ్డ,
జ్యోతి


నందిపేట్,
9-6-2025

బిడ్డా జ్యోతీ,

కాయితం మీద పసుపు మరకలున్నయి, ఏమనుకోకు. ఎందుకో చివరికి చెప్త.

నాకు గొంతు మానింది. వేళ్లకు చీమలు పాకినయి, నువ్వు ముందే చెప్పినవు గనుక భయపడలే. రంజిత్ మంచిగున్నడు. మొఖంల చిరాకు పోయింది, నిన్న సుస్మితతోని నవ్వుకుంట మాట్లాడుతుంటె విన్న. ఆర్మూర్‌ల క్రేన్ పని దొరుకుతదని మీ ఆయన ఎవలితోనో మాట్లాడిండట. ఈసారి నెమ్మదిగనే మాట్లాడినట్టున్నడు.

మిరుగం కార్తె వచ్చింది, వాన పడ్డది. చెల్క దున్నిపిచ్చిన. నిన్న మధ్యాన్నం రంజిత్, నేను విత్తనం ముచ్చట చెప్పుకుంట కూసున్నం. వాకిట్ల ఆటో ఆగింది. షేర్ ఆటో, మందితోని నిండి ఉన్నది. నడుమలకెల్లి మీ అవ్వ దిగింది. ఒక్కతే వచ్చింది. నీకు చెప్పకుంట వచ్చిందని తర్వాత తెలిసింది. చేతుల చిన్న సంచి ఉన్నది. మీ చిన్నమ్మ చెంబుతోని నీళ్లు తెచ్చి గడప కాడ నిలబడ్డది, ఇయ్యాల్నా వద్దా తెల్వక. వదినె తనే తీసుకొని కాళ్లు కడుక్కున్నది, లోపటికి వచ్చింది. రంజిత్‌ను చూసింది, వాని గొంతు మీద గీత చూసింది. నా దిక్కు చూడలే. నేను లేచి నిలబడ్డ. నా చిన్నప్పుడు వదినె మా ఇంటికి కొత్త కోడలుగ వచ్చినప్పుడు గూడ గట్లనే తలుపు కాడ నిలబడ్డ.

వచ్చి నా ముంగట పీట మీద కూసున్నది. "చెయ్యి తే" అన్నది. ఎడమ చెయ్యి ఇస్తె తోసేసింది. కుడి చెయ్యి ఇచ్చిన. రెండు చేతులతోని పట్టుకొని తిప్పి తిప్పి చూసింది. వేళ్లు ఒక్కొక్కటి వొత్తి చూసింది.

"గప్పుడు వాచిందా?" అని అడిగింది.

వాచింది వదినె అన్న.

"చెప్పొద్దా నాకు? పట్టేద్దును గద" అన్నది.

ఇద్దరం ఏడ్చినం బిడ్డా. మీ చిన్నమ్మ, రంజిత్ గూడ ఏడ్చిండ్రు. ఆమె ఏడ్చుకుంటనే సంచిల నుంచి పచ్చి పసుపు కొమ్ములు తీసింది, సున్నం డబ్బీ తీసింది. రాయి అడిగింది. ఇప్పుడేం నొప్పి లేదు వదినె అంటె వినలే. నూరింది. వేళ్ల కాడికెల్లి మణికట్టు దాక మందంగ పట్టేసి, పాత చీర పేలిక చుట్టి, తెల్లారే దాక కడగొద్దని చెప్పి, రాత్రి ఇక్కడనే పన్నది. నాకు ముద్దలు చేసి మీ చిన్నమ్మ తినవెట్టింది, గా వారం లెక్కనే.

ఇయ్యాల పొద్దుగాల కట్టు ఇప్పుకొని గిది రాస్తున్న. ఎంత కడిగినా పచ్చగనే ఉన్నది చెయ్యి. సంచిల మిగిలిన కొమ్ములు వదినె నూరనియ్యలే. విత్తనానికి ఉంచుమన్నది.

నీ కాక,
చిన్నన్న